మా ఊరి బోరు నీళ్ల ఫలితం మా ఊరికి చెప్పండి
గుంటూరు, విజయవాడ పరిసరాల్లోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి ఒక గ్రామస్థురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, ఉన్నత విద్యామండలి పెద్దలకు నమస్కరించి రాయునది.

మంగళగిరికి, గుంటూరుకు మధ్య, జాతీయ రహదారి దిగి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరు మాది. ఆ ఊరి మహిళా గ్రామ సమాఖ్యకు కొన్నేళ్లు అధ్యక్షురాలిగా పనిచేశాను. విద్యార్థులు సర్వేలకు, సేవా శిబిరాలకు మా ఊరికి వచ్చినప్పుడల్లా వారిని వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిప్పిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ తిప్పిన హక్కుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మా చుట్టుపక్కల ఉన్నన్ని విశ్వవిద్యాలయాలు రాష్ట్రంలో చాలా జిల్లాల వారికి అందుబాటులో లేవు. 1967లో గుంటూరులో పీజీ కేంద్రంగా మొదలై 1976లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన నాగార్జున మా పొలాల పక్కనే ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గరి లాం గ్రామంలో, 1986లో నెలకొల్పిన ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలో ఉన్నాయి. ఇవి కాక వడ్లమూడి, వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు గ్రామాలలో ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. వీటిలో కొన్ని, రాజధాని కోసం 2015లో రైతులు భూసమీకరణలో ఇచ్చిన నేల మీదనే వెలిశాయి. ఇన్ని చదువుల నడుమ బతుకుతున్న మాకు, మేము తాగే నీళ్లు మంచివో కావో ఈనాటికీ తెలియదు. నేను చెప్పబోయే సంగతిలో ఏ సంస్థ పేరూ రాయడం లేదు. ఒకరిని వేలెత్తి చూపితే మిగిలినవారు తమకు సంబంధం లేదనుకొనే ప్రమాదం ఉన్నది, కాగా పొరుగూళ్ల మహిళలను అడిగినప్పుడు వారూ ఇంచుమించు ఇదే చెప్పారు.

మూడేళ్ల కిందట ఒక వేసవిలో, ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు అధ్యాపకులు, పాతికమంది దాకా విద్యార్థులు మా ఊరికి వచ్చారు. మా ఊరిని దత్తత తీసుకున్నామని, ఇంటింటి సర్వే చేసి తాగునీటి నమూనాలు కూడా పరీక్షిస్తామని చెప్పారు. మేము సంతోషించాము. వారం రోజులు సమాఖ్య సభ్యులమే వంతులవారీగా వారికి మజ్జిగ, మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేశాము. పద్నాలుగు బోర్ల దగ్గర నీళ్లు పట్టారు. ఐదో నమూనా మూడో వార్డు చివర ఉన్న చేతిపంపుది. ఒక అమ్మాయి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నింపి, మూత బిగించి, ఖాకీ రంగు టేపు ముక్క అంటించి దాని మీద స్కెచ్ పెన్నుతో ‘వార్డు 3 – బోరు 5’ అని రాసింది. పంపు ఎదురింట్లో ఉండే పెద్దావిడ, మోకాళ్లు పట్టేసి గుమ్మం దిగలేని మనిషి, అక్కడి నుంచే కేకవేసి అడిగింది: “ఈ నీళ్లు తాగొచ్చో లేదో చెబుతారా తల్లీ?” ఆ పిల్ల, “పది రోజుల్లో చెబుతాం అమ్మమ్మా” అంది. మాట ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మనసులో అబద్ధం లేదని నేను నమ్ముతున్నాను.

పది రోజులు గడిచాయి. నెల గడిచింది. ఆ పెద్దావిడ నేను కనిపించినప్పుడల్లా అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఆమె అడగడం మానేసిన తరువాతే నాకు నిద్ర పట్టకుండా పోయింది.

ముందు ఫోన్ చేశాను. అప్పటి సమన్వయకర్త వేరే విభాగానికి మారారని చెప్పారు. ఉత్తరం రాశాను, జవాబు లేదు. పొలం పనులు లేని ఒక రోజు ఇద్దరు సభ్యులను తోడు తీసుకొని ప్రాంగణానికి వెళ్లాను. గేటు దగ్గర పేర్లు రాయించుకొని, ఫోన్ నంబర్లు తీసుకొని, గంటన్నర తరువాత లోపలికి పంపారు. నివేదిక తయారైందని, మూల్యాంకనం కోసం సమర్పించామని, దాన్ని బయటి వారికి ఇచ్చే పద్ధతి లేదని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు. మా బోర్లు, మా నీళ్లు, మా ఇళ్ల వివరాలు ఉన్న కాగితాల విషయంలో మేము బయటి వారమయ్యాము. ఆ తరువాత రిజిస్టర్డ్ పోస్టులో మరో ఉత్తరం పంపితే అందినట్లు రసీదు కార్డు మాత్రం తిరిగి వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. మేము తాగే నీళ్ల గురించి మేము దరఖాస్తు పెట్టుకొని తెలుసుకోవలసి రావడమే తప్పు అన్నది నా అభిప్రాయం. అందుకని ఈ బహిరంగ లేఖ.

విస్తరణ సేవ, అంటే చదువును ప్రాంగణం దాటించి జనం మధ్యకు తేవడం, విశ్వవిద్యాలయాలు దయతో చేసే అదనపు పని అని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకొనేదాన్ని. అయితే బోధన, పరిశోధనలతో పాటు విస్తరణ కూడా విశ్వవిద్యాలయాల మూడో బాధ్యత అని, మిగిలిన రెండింటితో సమానమైన హోదా దానికి ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1977లోనే తన విధాన ప్రకటనలో చెప్పింది. అంతకు ముందే, గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. దాని కింద ప్రతి వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం జరపాలి. 2014లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత్ భారత్ అభియాన్ ప్రకారం, అందులో చేరిన ప్రతి సంస్థ కనీసం ఐదు గ్రామాలను ఎంచుకోవాలి. ఉన్నత విద్యాసంస్థలను మూల్యాంకనం చేసి గుర్తింపు ఇచ్చే నాక్ సంస్థ ఏడు ప్రమాణాల పద్ధతిలో మూడో ప్రమాణం పరిశోధన, నవకల్పన, విస్తరణలదే. మన రాష్ట్రంలోనైతే 2020–21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసి, దానికి 4 క్రెడిట్లు కేటాయించారు. యాభై మంది విద్యార్థులు ఒక ఊరికి వచ్చి నిజంగా ఆ గంటలు పనిచేస్తే తొమ్మిది వేల గంటలవుతుంది. తొమ్మిది వేల గంటల చదువుకున్నవారి శ్రమ ఒక పంచాయతీకి దొరికితే ఎన్ని పనులు తెమలవచ్చో ఆలోచించండి. నియమాలలో లోటు లేదు. ఆ గంటలకు లెక్క చెప్పవలసింది ఎవరికి అన్న చోటే లోటు ఉన్నది. ఇప్పుడా లెక్క మూల్యాంకన సంఘానికి చెబుతున్నారు, ఊరికి చెప్పడం లేదు.

ఒక విషయం దాచకుండా ఒప్పుకోవాలి. ఆ తరువాతి వేసవిలో ఒక డిగ్రీ విద్యార్థి మా అరుగు మీద కూర్చొని లాగ్‌బుక్ తెరిచి, “ఆంటీ, మీరు సంతకాలు పెడితే వైవాకు ఇబ్బంది ఉండదు” అని బతిమాలాడు. ఆ అబ్బాయి వచ్చింది నాలుగు రోజులే. తండ్రి ఆటో నడుపుతాడట, వేసవిలో తానూ ఒక బట్టల కొట్టులో పనికి వెళుతున్నాడట. ఆరు వారాల పేజీలలో నేను సంతకాలు పెట్టాను. ఆ పిల్లవాడి మీద జాలితో పెట్టాను గానీ, నా సంతకంతో మా ఊరికి జరగని సేవ జరిగినట్లు కాగితం మీదకు ఎక్కింది. ఆ తప్పు నాది. ఇకమీదట అలా చేయను. కానీ పనికి వెళ్లక తప్పని పిల్లవాడికి దారి ఖర్చు ఇవ్వకుండా, ఊళ్లో ఏ పని చేయాలో చెప్పకుండా, వారానికి ఒక్కసారైనా అధ్యాపకుడు వచ్చి చూడకుండా గంటలు పూర్తి చేయమంటే అతను ఏం చేయగలడో కూడా మీరే ఆలోచించాలి.

ఈ పద్ధతి వల్ల మామూలు జనానికి కలుగుతున్న నష్టాలను కింద రాస్తున్నాను.

1. నీళ్ల ఫలితం తెలియకపోవడం వల్ల ప్రతి ఇల్లూ ఏదో ఒక విధంగా నష్టపోతున్నది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నైట్రేటుకు 45 మిల్లీగ్రాములు హద్దు. మా బోర్లు ఈ హద్దులకు ఇవతల ఉన్నాయో అవతల ఉన్నాయో తెలియక, స్తోమత ఉన్నవారు 20 లీటర్ల నీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. టిన్ను 20 రూపాయల చొప్పున రోజుకు ఒకటి వేసుకున్నా నెలకు 600 రూపాయలు, అంటే ఒక కూలీకి దాదాపు రెండు రోజుల సంపాదన. బోరు నీళ్లు మంచివే అయితే ఆ డబ్బు వృథా. మంచివి కాకపోతే, టిన్ను కొనలేని మూడో వార్డు వాళ్లు మూడేళ్లుగా చెడ్డ నీళ్లు తాగుతున్నారు. ఈ రెండింటిలో ఏది నిజమో తెలిసిన కాగితం ఒక బీరువాలో ఉన్నది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాలలో మూత్రపిండాల వ్యాధితో కుటుంబాలు ఎంత చితికిపోయాయో ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఆ వార్తలు చదివిన వారెవరికైనా తమ ఊరి బోరు మీద అనుమానం రాక మానదు.

2. జనానికి నమ్మకం పోతున్నది. ఆదాయం ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉంది, మరుగుదొడ్డి వాడుతున్నారా అని ఒకే ఇంటిని నాలుగు ఫారాలు అడిగిన తరువాత ఐదో మనిషికి తలుపు తెరుచుకోదు. ఆ ఐదో మనిషి ఆశా కార్యకర్త అయితే? జ్వరాల సర్వేకు వచ్చిన ఏఎన్‌ఎంను కిందటేడు మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు గుమ్మంలో నుంచే పంపేశారు. చదువుకొనే పిల్లలు అడిగితే ఏమీ రాలేదు, మీరడిగితే ఏమొస్తుంది అన్నారు.

3. వ్యక్తిగత వివరాలకు రక్షణ లేదు. కొన్ని ఫారాలలో ఆధార్ నంబరు కూడా రాయించుకున్నారు. ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో, ఎవరు చూస్తున్నారో మాకు తెలియదు. వ్యక్తిగత సమాచార పరిరక్షణ కోసం దేశంలో 2023లో ఒక చట్టమే వచ్చిందని మీకు నేను చెప్పనక్కరలేదు.

4. విద్యార్థులు కూడా నష్టపోతున్నారు. ఊరికి రావడమంటే ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగడం, ఫారం నింపడం అని నేర్చుకొని వెళుతున్నారు. రేపు వారిలోనుంచే తహసీల్దార్లు, డాక్టర్లు, ఇంజనీర్లు వస్తారు.

విశ్వవిద్యాలయం ఊరికి వస్తే ఎంత మేలు జరుగుతుందో కూడా మేము కళ్లారా చూశాము కనుకనే ఇంత పట్టుపట్టి అడుగుతున్నాము. 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, పల్నాడు ప్రాంతాలలో రైతుల గతి ఏమైందో అందరికీ తెలుసు. ఎకరానికి లక్ష పైగా పెట్టుబడి పెట్టిన కౌలు రైతులు పూత చూసి ఏడ్చారు. దుకాణంవాడు ఏ మందు ఇస్తే అది, రెండు మూడు కలిపి, వారంలో రెండుసార్లు కొట్టారు. ఆ రోజుల్లో వ్యవసాయ శాస్త్రవేత్త ఒకరు మా మరిది తోటకు వచ్చారు. జేబులోనుంచి తెల్ల కాగితం తీసి, ఒక కొమ్మను దాని మీదికి వంచి పువ్వును వేలితో రెండుసార్లు తట్టారు. కాగితం మీద నల్లటి నలుసుల్లాంటివి కదిలాయి. “ముందు ఇవి ఎన్ని ఉన్నాయో చూడండి, తరువాత మందు సంగతి” అని చెప్పి, నీలిరంగు జిగురు అట్టలు ఎలా కట్టాలో, మందులు ఇష్టం వచ్చినట్లు కలిపితే పురుగు ఎలా మొండికెత్తుతుందో గట్టు మీద కూర్చొని అరగంట వివరించారు. ఆయన ఫొటో తీయించుకోలేదు. పది రోజులకు మళ్లీ వచ్చి చూశారు. పంట పూర్తిగా దక్కలేదు గానీ, ఆ తరువాత మా మరిది మందుల ఖర్చు తగ్గింది. పువ్వు కింద తెల్ల కాగితం పట్టి చూడటం ఇప్పుడు మా ఊళ్లో ఆడ కూలీలకు కూడా వచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా అంతే. మా చెల్లెలి కుటుంబం మూడు రోజులు డాబా మీదనే ఉంది. నీళ్లు తీసిన తరువాత మోకాలి లోతు బురద ఎత్తిపోయడానికి వచ్చిన వారిలో కళాశాల పిల్లలు ఉన్నారు. వాళ్ల పేర్లు మా చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది. కానీ బురద ఎత్తిన తరువాత అసలు కష్టాలు మొదలయ్యాయి. నీళ్లలో నానిన ఇంటి పత్రాలకు నకళ్లు ఎలా తీసుకోవాలి, ద్విచక్ర వాహనం బీమా సొమ్ముకు ఏ ఫారం నింపాలి, నష్టం జాబితాలో పేరు రాకపోతే ఎక్కడ చెప్పుకోవాలి అన్నది ఆ వీధిలో చాలామందికి తెలియలేదు. న్యాయశాస్త్రం చదివే నలుగురు విద్యార్థులు ఒక బల్ల వేసుకొని ఆ వీధి చివర పదిహేను రోజులు కూర్చొని ఉంటే ఎన్ని కుటుంబాలు గట్టెక్కేవో! విద్య ఉన్నవారు విద్యతో చేయగలిగిన సాయం అది. చీపురు మేమూ పట్టగలము.

ఈ నేలకు ఇది కొత్త సంగతి కూడా కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మొదట మన బెజవాడలోనే ఏర్పడి తరువాత వాల్తేరుకు తరలిపోయింది. అదింకా పుట్టకముందే, 1914లో, ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు బెజవాడ రామమోహన గ్రంథాలయంలో మహాసభ జరిపి, చదువును ఊరూరికీ చేర్చాలని పూనుకున్నారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పంపారు. చేతిలో గ్రాంటులు లేని మనుషులు చేసిన పని అది. ఆ కాలువ గట్టు మీదనే ఈ రోజు మా పిల్లలు మీ బస్సులు వెళుతుంటే నిలబడి చూస్తున్నారు.

కనుక మా కోరికలు ఇవి. వీటిలో మొదటిదానికి నెల రోజుల గడువు అడుగుతున్నాము.

1. గడిచిన ఐదేళ్లలో మీ సంస్థలు గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల గ్రామాలలో సేకరించిన నీటి, మట్టి, ఆరోగ్య పరీక్షల ఫలితాలను ఆయా పంచాయతీలకు, గ్రామ సచివాలయాలకు తెలుగులో, చదవగలిగే అక్షరాలలో పంపండి. నీళ్ల ఫలితం ప్రతి బోరు దగ్గర బోర్డు మీద రాయించండి. పరీక్ష జరగనే లేదంటే జరగలేదని రాయండి, మేము వేరే దారి చూసుకుంటాము.

2. ఇకమీదట చేసే ప్రతి సర్వే ఫలితాన్ని మూల్యాంకనానికి పంపే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. విద్యార్థికి క్రెడిట్లు ఇచ్చేటప్పుడు ఆ గ్రామసభ తీర్మానం ప్రతిని జతచేయాలన్న నిబంధనను ఉన్నత విద్యామండలి తీసుకురావాలి. ఈ ఒక్క నిబంధన వస్తే మిగిలినవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయని నా నమ్మకం.

3. దత్తత అంటే ఎన్నేళ్లు, ఏ పనులు, బాధ్యత ఎవరిది అన్నది పంచాయతీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. సమన్వయకర్త మారితే కొత్తవారి పేరు, ఫోన్ నంబరు నెలలోపు ఊరికి తెలపాలి. ఒకే ఊరిని మూడు సంస్థలు పట్టుకొని, పక్క తండాను ఎవరూ పట్టించుకోకపోవడం మాకు తెలుసు. ఉపకులపతులు ఒకసారి కలిసి కూర్చొని గ్రామాలను పంచుకోవాలి.

4. ఏ పని కావాలో ఊరినే అడగాలి. మా ఊరిని అడిగితే స్వచ్ఛతా ర్యాలీ కావాలని ఎవరూ అనరు. బోర్ల పరీక్ష, కౌలు రైతులకు గుర్తింపు కార్డుల దరఖాస్తులు నింపిపెట్టడం, సమాఖ్య పుస్తకాల లెక్కలు సరిచూడటం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు, సైన్సు చెప్పడం అంటారు.

5. ఫారాలలో ఆధార్ నంబరు అడగవద్దు. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోవాలి. ఇష్టం లేదన్నవారిని ఒత్తిడి చేయవద్దు.

6. పేద విద్యార్థులకు సేవా ప్రాజెక్టు రోజులలో దారి ఖర్చు, భోజనం సంస్థే భరించాలి. అధ్యాపకుడు వారానికి ఒకసారైనా ఊరికి రావాలి, ఆ రాక కూడా పంచాయతీ రిజిస్టరులో నమోదు కావాలి.

7. మీ ప్రయోగశాలలలో నెలకు ఒక రోజు చుట్టుపక్కల గ్రామాల వారు తెచ్చిన నీటి, మట్టి నమూనాలను ఉచితంగా పరీక్షించి, రసీదు మీద ఫలితం ఇచ్చే తేదీ వేసి ఇవ్వండి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. ఈ లేఖ ప్రతులను రెండు జిల్లాల కలెక్టర్లకు, మా శాసనసభ్యులకు కూడా పంపుతున్నాను. జవాబు ఇవ్వదలచిన సంస్థలు మా పంచాయతీ కార్యదర్శి పేర పంపవచ్చు. వచ్చిన ప్రతి జవాబునూ గ్రామసభలో చదివిస్తాము, నోటీసు బోర్డులో అంటిస్తాము.

వచ్చే వేసవికి విద్యార్థులు మళ్లీ వస్తారు. రావాలనే కోరుకుంటున్నాము. ఎప్పటిలాగే మజ్జిగ ఇస్తాము, భోజనం పెడతాము. అయితే ఈసారి ఎవరైనా నా అరుగు మీద లాగ్‌బుక్ తెరిస్తే, సంతకం చేసే ముందు వార్డు 3 – బోరు 5 ఫలితం అడుగుతాను. ఆ పెద్దావిడ ఇంకా ఆ నీళ్లే తాగుతున్నది.

ఇట్లు,
గ్రామ మహిళా సమాఖ్య పూర్వ అధ్యక్షురాలు,
గుంటూరు జిల్లా.